ఆ గాలి ఎక్కడిది?

విజయవాడ బస్సుల హారన్లతో తెల్లారే వనస్థలిపురానికి సముద్రం చాలా దూరం. అయినా సెలవులొస్తే చాలు, విశాఖ వెళ్లి రుషికొండ దగ్గర స్కూబా డైవింగ్ చేయాలని ఇక్కడి కుర్రకారుకీ సరదానే.

మరి డైవర్లకు వ్యానే పనిగదైతే? సిలిండర్లకు అరలు, తడి సూట్లు ఆరేసే కొక్కేలు, ఉప్పు కడిగే మంచినీళ్ల ట్యాంకు, గాలి నింపే కంప్రెసర్... అన్నీ అందులోనే!

ముచ్చటగానే ఉంటుంది. కానీ అసలు కిటుకంతా కంప్రెసర్ గాలి పీల్చే గొట్టంలోనే ఉంది. 12 లీటర్ల సిలిండర్లో 200 బార్ల ఒత్తిడితో దాదాపు 2,400 లీటర్ల గాలి పడుతుంది. గొట్టం మూతి వ్యాను పొగకు దగ్గరగా ఉంటే, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ కూడా అందులో చేరుతుంది. లోతుకెళ్లేకొద్దీ దాని ప్రభావం మరింత ఎక్కువ.

అందుకే నీళ్లలోకి దిగేముందు ఇంట్లోవాళ్లు అడగాల్సిన మాట... ‘ఈ గాలి ఎక్కడ పట్టారు బాబూ?’