ఆగిన బండికి చాకిరీ

విమానాన్ని నేల మీద నిలిపి ఉంచడమంటే తాళం వేసి ఇంటికెళ్ళిపోవడం కాదు. ఇంజన్ల నోళ్ళకు మూతలు బిగించాలి, లోపల తేమను పీల్చే సంచులు పెట్టాలి. వేగాన్ని కొలిచే పిటో గొట్టాలకు తొడుగులు వేయాలి, లేకపోతే కందిరీగలు మట్టి తెచ్చి గూళ్ళు కట్టేస్తాయి. బరువంతా ఒకే చోట ఆని టైర్లు అణగకుండా చక్రాలను అప్పుడప్పుడూ కాస్త తిప్పి పెట్టాలి. ట్యాంకుల అడుగున చేరిన నీటిని వంపేయాలి. 2020 మార్చి 24 అర్ధరాత్రి దేశంలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయినప్పుడు శంషాబాద్ విమానాశ్రయంలో నిర్వహణ సిబ్బందిగా మేం చేసినదంతా ఈ పనే. మే 25న మళ్ళీ రాకపోకలు మొదలైనా, ఎగిరినవి కొన్నే. మిగతావి ఎండలో అలాగే నిలబడి ఉన్నాయి.

వాటిని కనిపెట్టుకోవడానికి మా అందరి అవసరమూ లేదు. ఉద్యోగం ఉంటుంది, జీతం ఉండదు, మళ్ళీ చెప్పేదాకా ఇంట్లో ఉండమని విమానాలు ఆగిన కొన్నాళ్ళకే నాకూ కబురు వచ్చింది.

ఉద్యోగం పోయినవాడు ఏడుస్తాడు, తర్వాత ఇంకోటి వెతుక్కుంటాడు. సెలవు పెట్టినవాడికి తిరిగి వెళ్ళే తేదీ తెలుసు. జీతం లేని సెలవులో ఈ రెండూ లేవు. ఇంకో కొలువు చూసుకుందామంటే ఉన్నది వదులుకోవాలి. ఊరుకుందామంటే ఎన్నాళ్ళో తెలియదు. బ్రిటన్‌లో ఇలా ఇంట్లో కూర్చున్నవాళ్ళ జీతంలో 80 శాతం, నెలకు 2,500 పౌండ్లకు మించకుండా, ప్రభుత్వమే భరించింది. మన దగ్గర పూర్తి జీతాలు ఇవ్వాలని కేంద్ర హోం శాఖ మార్చి 29న ఇచ్చిన ఉత్తర్వు మే 18 నుంచి అమల్లో లేకుండా పోయింది. ఇంటి అప్పు వాయిదాలు ఆగస్టు నెలాఖరు దాకా కట్టకపోయినా పర్వాలేదన్నారు, వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంది. అయినా మా కష్టాన్ని పెద్దది చేసి చెప్పుకోలేను. ఆ నెలల్లోనే మేడ్చల్ దారిలో నెత్తిన మూటలతో, చంకన పిల్లలతో ఉత్తరాదికి నడిచిపోయిన కూలీలను చూశాం. మాకు నీడపట్టున కూర్చునే ఇల్లయినా ఉంది.

ఆ ఇంట్లోనే, వనస్థలిపురంలో, రేకుల షెడ్డు కింద నాన్న ఫియట్ ఉంది.

కాగితాల మీద అది ప్రీమియర్ పద్మిని, 1984 మోడల్. మా ఇంట్లో, మా వీధిలో అందరికీ అది ఫియట్ కారే. ఇటలీ వాళ్ళ ఫియట్ 1100 డిలైట్‌ను బొంబాయిలోని కుర్లా కర్మాగారంలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1964 నుంచి తయారుచేసింది. 1970లలో పేరు మారి, చిత్తోడ్ రాణి పేరుతో పద్మిని అయింది. ఇంజన్ 1,089 సీసీ, నాలుగు సిలిండర్లు, స్టీరింగ్ పక్కన గేరు కర్ర, ముందు ముగ్గురు ఇరుక్కుని కూర్చోగల ఒకే పొడుగు సీటు. మా చిన్నప్పుడు అధికారులూ నాయకులూ అంబాసిడర్‌లో దిగేవారు, డాక్టర్లూ ప్లీడర్లూ ఫియట్‌లో దిగేవారు. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి వంతు కోసం ఎదురుచూసే రోజులవి. 1983 డిసెంబరులో మారుతి వచ్చాక ఆ ఎదురుచూపులు తగ్గాయి, ఆ కార్ల విలువా తగ్గింది. అందుకే ఖమ్మంలో ఒక డాక్టరు గారు మారుతి కొనుక్కుని, ఇంకా కొత్తదనం పోని ఫియట్‌ను నాన్నకు అమ్మారు. 2000 ప్రాంతంలో కుర్లాలో తయారీ ఆగిపోయింది. ఆ తర్వాత కొన్నేళ్ళకు మా బండీ షెడ్డులో ఆగింది.

ఆగిన బండి ఎలా పాడవుతుందో విమానాల దగ్గర చూసినవాణ్ణే. అయినా మా ఇంటి వెనక జరుగుతున్నది పట్టించుకునే తీరిక ఆ ఉద్యోగంలో దొరకలేదు. బోనెట్ ఎత్తితే ఒక్కొక్కటే కనిపించింది. కార్బొరేటర్‌లో మిగిలిన పెట్రోలు ఆవిరైపోయి జిగురులా గడ్డకట్టింది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ తేమకు చక్రాల దగ్గరి బ్రేక్ సిలిండర్లు లోపలే తుప్పుపట్టి బిగుసుకున్నాయి. రబ్బరు గొట్టాలు వేలితో నొక్కితే పెళుసుగా చిట్లాయి. వైర్లను ఎలుకలు కొరికాయి. సైలెన్సర్ గొట్టంలో కందిరీగల మట్టి గూడు. ఇవేవీ నడిచిన అరుగుదల వల్ల వచ్చినవి కావు. అన్నీ ఊరికే నిలబడినందుకు వచ్చినవే.

మనిషి సంగతీ ఇంతేనని ఆ వేసవిలో నాకు గట్టిగా అనిపించింది. కబురు వచ్చిన కొత్తలో నేను ఆలస్యంగా లేచేవాణ్ణి, గడ్డం గీసుకునేవాణ్ణి కాదు, ఫోన్ చేతిలో పట్టుకుని కేసుల సంఖ్యలు చూస్తూ కూర్చునేవాణ్ణి. అలసట మాత్రం డ్యూటీ చేసినప్పటికన్నా ఎక్కువ. అమ్మ ఒకరోజు ఉదయం కాఫీ గ్లాసు చేతికిచ్చి, "ఒరేయ్, ఆ షెడ్డన్నా ఊడ్చరాదూ" అంది. ఊడ్వడంతో మొదలైంది.

చేతిలో డబ్బు లేనప్పుడు బండి పని ఒక వరుసలో సాగుతుంది: ముందు ఖర్చు లేనివన్నీ. విప్పడానికి ఖర్చు లేదు. కడగడానికి, తుడవడానికి, గీకడానికి ఖర్చు లేదు. అంతకు అయిదేళ్ళ ముందు జీతం వస్తున్నప్పుడు ఈ పని మొదలుపెట్టి ఉంటే, తుప్పుపట్టిన భాగాలను పారేసి కొత్తవి కొనేవాణ్ణి. ఆ వేసవిలో హార్డ్‌వేర్ దుకాణాలు మూసి ఉన్నాయి, కిరాణా కొట్లు మాత్రం తెరిచారు. వంటింటి సరుకుల్లో తుప్పుకు మందు ఉందని అప్పుడే చేతితో చేసి తెలుసుకున్నాను. బకెట్ నీళ్ళలో నిమ్మ ఉప్పు కలిపి బోల్టులూ నట్లూ నానబెడితే తుప్పు కరిగి, మర్నాటికి బూడిద రంగు ఇనుము బయటపడుతుంది. పెద్ద భాగాలకు చాకలి సోడా నీళ్ళు, బ్యాటరీ ఛార్జర్. నెగెటివ్ తీగ తుప్పుపట్టిన భాగానికి, పాజిటివ్ తీగ పక్కన వేలాడదీసిన పాత ఇనుప ముక్కకు తగిలించాలి. స్టెయిన్‌లెస్ స్టీలు ముక్క వాడకూడదు, నీళ్ళు విషమవుతాయి. బుడగలుగా వచ్చేది హైడ్రోజన్ కాబట్టి ఆరుబయటే చేయాలి. మా అమ్మాయి తొమ్మిదో తరగతి రసాయనశాస్త్రం ఆ తొట్టి దగ్గర కూర్చునే చదువుకుంది.

బిగుసుకున్న ఇంజన్‌కు బలం చూపిస్తే విరుగుతుంది. ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌లో కాస్త ఇంజన్ ఆయిల్ పోసి వదిలేయాలి. అది పిస్టన్ రింగుల సందుల్లోకి దిగడానికి దాని సమయం అది తీసుకుంటుంది. రోజూ ఉదయం టాప్ గేరులో పెట్టి, వెనక చక్రం ఒకటి జాకీ మీద లేపి, చేత్తో అటూ ఇటూ కదిపి చూసేవాణ్ణి. కదలకపోతే ఇంకాస్త ఆయిల్ పోసి, వేరే పనికి వెళ్ళేవాణ్ణి. ఒక ఉదయం చక్రంతోపాటు ఫ్యాన్ పుల్లీ కూడా వెంట్రుకవాసి తిరిగింది. నాన్న కుర్చీలోంచి లేచి వచ్చి, నేను చూడలేదనుకుని, బోనెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

ఈ పని నాకిచ్చింది ఏమిటని అడిగితే, రోజుకు ఒక ఆకారం ఇచ్చిందంటాను. షిఫ్టు లేదు, హాజరు లేదు, పై అధికారి లేడు. అయినా ఉదయానికి ఒక పని, మధ్యాహ్నానికి ఒక పని ఎదురుచూస్తుండేవి. ప్రైమర్ ఆరేదాకా ఆగాలి. నిమ్మ ఉప్పు నీళ్ళలోంచి బోల్టులు సమయానికి తీయాలి. తీసిన వెంటనే ఆరబెట్టి నూనె రాయకపోతే గంటల్లోనే మళ్ళీ తుప్పు పొర వస్తుంది. యాజమాన్యం ఎప్పుడు పిలుస్తుందో నాకు తెలియదు. కానీ రెడ్ ఆక్సైడ్ ఎప్పుడు ఆరుతుందో తెలుసు. ఎప్పుడని తెలిసిన ఎదురుచూపు ఒకటి ఇంట్లో ఉంటే, తెలియని ఎదురుచూపును మోయగలిగాను.

పొద్దున్నే ఫోన్లలో మాట్లాడుకున్నప్పుడు నా తోటి ఉద్యోగులు చాలామంది ఏదో ఒకటి పట్టుకున్నారని తెలిసింది. ఒకరు అటక మీది వాల్వు రేడియోను దించి, ఎండిపోయిన కెపాసిటర్లను ఒక్కొక్కటిగా మార్చారు. విమానంలో ఆతిథ్యం చూసే ఒకమ్మాయి పదో తరగతిలో ఆపేసిన వీణను మళ్ళీ శ్రుతి చేసుకుంది. సగం మంది మిద్దె తోట మొదలుపెట్టారు. మిద్దె తోటల ప్రచారకులు తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు ఏళ్ళుగా చెబుతూ వచ్చిన మాట, డాబా మీదే ఇంటికి సరిపడా కూరలు పండించవచ్చని, ఆ వేసవిలో చాలామంది చెవిన పడింది. ఏదీ పట్టుకోలేకపోయినవాళ్ళూ ఉన్నారు. అద్దె కట్టాల్సిన ఒక కుర్రాడు బైక్ మీద ఇంటింటికీ భోజనాలు అందించే పనిలో చేరాడు. అభిరుచి అనేది కడుపు నిండినవాళ్ళకే అందుతుందన్న మాటలో నిజం ఉంది. ఆ అబ్బాయికి నేను పాత రేడియోనో కారునో సలహాగా చెప్పలేను, చెప్పలేదు.

మే నెలలో దుకాణాలు రోజు విడిచి రోజు తెరిచాక, మా ఇంటికి దగ్గరలోని ఆటోనగర్‌కు వెళ్ళాను. నాన్న బండిని చాలా ఏళ్ళు చూసిన టింకరింగ్ ఉస్తాద్ షెడ్డు ముందు ఒక్క బండీ లేదు. ఆయనా నాలాగే ఖాళీగా కూర్చుని ఉన్నాడు. జీతం లేని నేను, పని లేని ఆయన. చర్చ లేకుండానే ఒప్పందం కుదిరింది: బండి ఇంటి దగ్గరే ఉంటుంది, ఆయన వారానికి కొన్ని పూటలు వస్తాడు, రేకు పని ఆయనది, రుద్దే పని నాది, కూలి నెలనెలా కొంచెం. ఆయన వేలి కణుపుతో బండి చుట్టూ కొట్టుకుంటూ వెళ్ళేవాడు. గట్టి రేకు ఒకలా మోగుతుంది, లప్పం నింపిన చోటు మొద్దుగా పలుకుతుంది. తలుపుల కింది అంచుల్లో నీరు పోయే రంధ్రాలు ఆకులతో, మట్టితో మూసుకుపోయి అక్కడే కుళ్ళాయి. ఈ కారుకు లారీలకున్నట్టు విడిగా ఛాసిస్ లేదు, ఒళ్ళే దాని ఎముక. తలుపుల కింది పెట్టెల్లాంటి దూలాలు తుప్పుపడితే బండి నడుమే వంగుతుంది. నేను లప్పం నింపుదామా అంటే ఉస్తాద్ ఒప్పుకోలేదు. "లప్పంతోని బండి నిలబడదు సార్, రేకుతోని నిలబడతది" అని పాడైన భాగాన్ని కోసి, కొత్త రేకు వంచి వెల్డింగ్ చేశాడు. పైన పట్టిన లప్పం అయస్కాంతం అతుక్కునేంత పలచన.

బ్రేకులు పూర్తయ్యేదాకా ఇంజన్‌ను ముట్టించనివ్వలేదు నాన్న. ఆయన మాటలో న్యాయం ఉంది కాబట్టి నాలుగు చక్రాల డ్రమ్ములూ విప్పి, సిలిండర్లలో కొత్త రబ్బరు కప్పులు వేసి, కొత్త ఆయిల్ పోసి గాలి తీశాను. పెట్రోలు గొట్టాలు అన్నీ మార్చాను, ఇప్పటి పెట్రోలులో కలిసే ఇథనాల్ పాత రబ్బరును తినేస్తుంది. కార్బొరేటర్ జెట్లలో తీగ దూర్చకుండా గాలితోనే ఊదాను. డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల మధ్య సందు అర మిల్లీమీటరు లోపే ఉండాలి. ఫీలర్ గేజ్ మా అమ్మాయి పట్టుకుంది, స్క్రూ నేను తిప్పాను, సరిపోయిందో లేదో నాన్న చెప్పారు. సెల్ఫ్ కొడితే ముందు తెల్లని పొగ, తర్వాత నీలం పొగ, తర్వాత మా వీధి మరిచిపోయిన ఆ టకటక చప్పుడు. పక్కింటివాళ్ళు మాస్కులతో గేటు దగ్గరకొచ్చి నిలబడ్డారు. ఆ సాయంత్రం అమ్మ పెట్టిన కొత్త ఆవకాయ జాడీలోంచి ఉస్తాద్ ఇంటికి ఒక సీసా వెళ్ళింది.

డ్యూటీకి రమ్మని కబురు వచ్చేసరికి బండికి ఇంకా రంగు పడలేదు. పిలుపు రాగానే వెళ్ళాను, ఆనందంగానే వెళ్ళాను. నెలల తరబడి నిలబడిన విమానాల మూతలు విప్పుతున్నప్పుడు, ఎక్కడ తేమ చేరుతుందో, ఏ రబ్బరు ముందు పెళుసవుతుందో నా చేతులు ఇదివరకటికన్నా ముందే వెతికాయి. రంగు పని ఆ తర్వాతి ఆదివారాల్లో సాగింది. పదిహేనేళ్ళు దాటిన బండి కాబట్టి ఫిట్‌నెస్ పరీక్ష చేయించి, హరిత పన్ను కట్టి, రిజిస్ట్రేషన్ పొడిగించుకున్నాం. అయిదేళ్ళకోసారి ఆ పని మళ్ళీ చేయాలి.

ముంబైలో పద్మిని టాక్సీల గడువు 2023 అక్టోబరుతో తీరిపోయింది. వాటి భాగాలు కుర్లా పాత సామాన్ల దుకాణాల్లో దొరుకుతాయని ఉస్తాద్ అంటున్నాడు. మాకిప్పుడు కావలసింది వెనక ఎడమ తలుపు చుట్టూ వచ్చే రబ్బరు బీడింగు, స్టీరింగ్ పెట్టెలో ఆట తగ్గించడానికి ఒక బుష్. రాణీగంజ్‌లో దుకాణం దుకాణం అడిగాం, లేవన్నారు. వచ్చే నెలలో ముంబై డ్యూటీ పడితే కుర్లా వెళ్ళి వస్తాను. బీడింగు పాత ముక్కను కొలత కోసం నాన్న ఇప్పటికే కాగితంలో చుట్టి ఉంచారు.