డిస్కౌంట్ లేని లెక్క

చలానాలకి మన దగ్గర డిస్కౌంట్ సీజన్ ఉంటుంది. 2022 మార్చిలో బైకులకి, ఆటోలకి పావు వంతు కడితే చాలన్నారు, కార్లకి సగం. 2023 డిసెంబర్‌లో మళ్లీ వచ్చింది, ఈసారి టూ వీలర్లకి 80 శాతం మాఫీ. మా ఆఫీసులో పండగ సేల్ గురించి మాట్లాడుకున్నట్టే మాట్లాడుకున్నారు.

పెనాల్టీ పాయింట్ల సంగతి అట్లా కాదు. 2017 ఆగస్టు 1న హైదరాబాద్, సైబరాబాద్, రాచకొండ కమిషనరేట్లలో మొదలుపెట్టినప్పుడు లెక్క ఇదీ: హెల్మెట్ లేకపోతే 1, రాంగ్ రూట్‌లో వస్తే 2. తాగి బైక్ నడిపితే 3, కారైతే 4, ఆటో, క్యాబ్, బస్సు అయితే 5. 24 నెలల్లో 12 పోగైతే లైసెన్స్ ఏడాది పాటు సస్పెండ్. ఫైన్ ఎలాగూ ఉంటుంది, ఇది దాని పైన.

మా నాన్న మూసాపేటలో షేర్ ఆటో నడుపుతాడు. డ్రైవర్ సీట్లో మనిషిని కూర్చోబెట్టుకుంటే 1 పాయింట్ అని తెలిసిన రోజు వేళ్ల మీద లెక్కేసుకున్నాడు. డీజిల్ పోను మిగిలేది ఆ పక్క సీటు డబ్బులే.

"ఫైన్ అయితె ఎట్లనో తిప్పలు పడి కడ్తం బిడ్డా. లైసెన్స్ గుంజుకుంటె ఏడాది ఏం తినాలె?"

అప్పట్నుంచీ ఆ సీటు ఖాళీ. స్టాండులో వాళ్లు నవ్వారు. ఇంట్లో అమ్మ చిట్టీ ఆపేసింది.

జరిమానా ఉన్నోడికి పార్కింగ్ ఫీజు లాంటిది, పాయింటే అందరికీ సమానం అంటారు. నాకూ మొదట అట్లాగే అనిపించింది. కానీ నా లైసెన్స్ పోతే మూసాపేటలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగుతా. నాన్నది పోతే ఇల్లే ఆగిపోతుంది. పైగా పాయింటు పడాల్సింది మనిషికి, కెమెరాకి దొరికేది బండి నంబరు. ఇక రోడ్డు మీద చెయ్యి అడ్డం పెట్టి ఆపేది ఎవర్ని? నేను చూసినంతవరకూ బైకుల్నీ, ఆటోల్నీ.

బ్రిటన్‌లో కూడా గీత 12 దగ్గరే, గడువు మూడేళ్లు. కెమెరాకి చిక్కితే, ఆ టైంలో నడిపిందెవరో బండి ఓనరు చెప్పి తీరాలి. 12 నిండినా, లైసెన్స్ పోతే తన మీద ఆధారపడ్డవాళ్లు మామూలుకి మించి నలిగిపోతారని కోర్టు ముందు చెప్పుకోవచ్చు. జడ్జి ఒప్పుకోకపోవచ్చు. కనీసం వింటాడు.

పాయింట్లు వద్దని నేననను. పక్కన ఇద్దరుంటే హ్యాండిల్ తిప్పడానికి మోచెయ్యి ఆడదు, ఆ సంగతి నాన్నకే ఎక్కువ తెలుసు. జనం తక్కువున్నా ఇప్పుడు నెమ్మదిగా, నిటారుగా కూర్చుని నడుపుతాడు. నాన్నలాంటివాళ్లకి కావలసింది 80 శాతం తగ్గింపు కాదు. లైసెన్స్ లాక్కునే ముందు, ఆ కార్డు మీద ఎంతమంది బతుకుతున్నారని ఒక్క ప్రశ్న అడిగే చోటు.