ఏ చీరలోనూ లేని అతుకు

2019లో ‘మల్లేశం’ సినిమా చూసి ఒక రివ్యూ రాశాను. ఆసు పోసి పోసి అమ్మ లక్ష్మికి చేయి పడిపోతుంటే చూడలేక, చింతకింది మల్లేశం ఏళ్ళ తరబడి కుస్తీ పట్టి 1999లో ఆసు యంత్రం తయారుచేయడం, దానికి అమ్మ పేరే పెట్టడం, 2017లో పద్మశ్రీ రావడం, అన్నీ అందులో రాశాను. ఒక్క చీరకు చేయి సుమారు 9 వేల సార్లు అటూ ఇటూ తిప్పాలన్న లెక్క మీద ఒక పేరా మొత్తం ఖర్చుపెట్టాను. బాగుందని నలుగురూ అన్నారు.

అమ్మ కూడా చదివింది. ఫోన్ చేసి, “బాగా రాసినావు నాయనా. ఎవరో అమ్మ చెయ్యి నొప్పి నీకు అంత బాగా తెలిసింది. మన అవ్వని ఎప్పుడన్నా అడిగినావా?” అంది.

అడగలేదు.

మాది మదనపల్లెలో నీరుగట్టువారిపల్లె. నేను పుట్టినప్పుడు చిత్తూరు జిల్లా. 2022లో జిల్లాలు విడగొట్టాక కాదు. అవ్వకు మాత్రం ఇప్పటికీ చిత్తూరే. మదనపల్లె అనగానే బయటివాళ్ళకు టమాటా మార్కెట్ గుర్తొస్తుంది, కాస్త చదువుకున్నవాళ్ళకు 1919లో టాగూరు వచ్చి ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి మార్చిన కాలేజీ గుర్తొస్తుంది. మాకు మాత్రం పట్టు మగ్గాల చప్పుడు. మా ఇంట్లో మగ్గం తాతది. నేసేది తాత, షావుకారు దగ్గరికి చీర తీసుకుపోయేది తాత, పేరు తాతది. అవ్వ ఏం చేసేది అని ఎవరైనా అడిగి ఉంటే, “ఇంట్లో ఉంటుంది, తాతకి సాయం చేస్తుంది” అని చెప్పి ఉండేవాణ్ణి.

ఆ సాయం ఏమిటో ఆ సంక్రాంతికి పోయినప్పుడు అడిగాను. అవ్వ నవ్వి, చిప్పలో జల్లించిన బూడిద, పాత పట్టు పోగులు కొన్ని తెచ్చుకుని కూర్చుంది. చూపు సరిగా లేదు. అవసరమూ లేదన్నట్టు వేళ్ళు వాటంతట అవే కదిలాయి.

మగ్గం మీద ఒక పడుగు మూడు నాలుగు చీరలకు వస్తుంది. అయిపోయాక కొత్త పడుగు ఎక్కించాలి. పట్టుచీర పడుగులో నాలుగైదు వేల పోగులు. ఒక్కో పోగునూ దాని ఉచ్చులోంచి దూర్చి, అచ్చు పళ్ళ మధ్య నుంచి లాగుతూ మొదటి నుంచీ మొదలుపెడితే రోజులు పడుతుంది. అందుకని పాత పడుగును చివరిదాకా నేయరు. కొంచెం వదిలేసి, ఆ వేల కొనలకు కొత్త పడుగు కొనలను ఒక్కొక్కటే అతుకుతారు. తర్వాత పాతదాన్ని పట్టి ముందుకు లాగితే, కొత్తది దాని వెనకాలే ఉచ్చులూ అచ్చూ దాటి వచ్చేస్తుంది. మా వైపు దీన్ని అచ్చు అతకడం అంటారు. ఇద్దరు కూర్చుంటే పొద్దున మొదలుపెట్టి చీకటి పడేదాకా పని.

ముడి వేయకూడదు. ముడి లావుగా ఉంటుంది, సన్నటి పళ్ళ మధ్య ఇరుక్కుని పక్క పోగులను కూడా తెంపుతుంది. పాత కొన, కొత్త కొన జోడించి ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకోవాలి. కుడిచేతి వేళ్ళను బూడిదలో అద్ది, రెండు కొనలనూ కలిపి ఒకే దిక్కుకు నలపాలి. పురి ఎక్కాక ఆ తోకను పోగు మీదికి మడిచి ఇంకోసారి నలపాలి. అంతే. పట్టు జారుతుంది కాబట్టి బూడిద. పురి విప్పుకోవాలని చూసే పోగు పక్క పోగును పట్టుకుంటుంది కాబట్టి అతుకు.

నేను నలిపింది వదలగానే విడిపోయింది. అవ్వ నా వేళ్ళు తడిమి, “అటు తిప్పి ఇటు తిప్పితే యాడ నిలస్తాది బ్బీ? ఒక పక్కకే పో” అంది.

నూలుకైతే ముడి వేస్తారు, దానిదీ ఒక పద్ధతి. ఒక పోగును మడిచి వంక చేసి, రెండోది ఆ వంకలోంచి పైకి తెచ్చి, వెనకనుంచి చుట్టి, తన కిందే దూర్చి లాగాలి. చిన్న ముడి, లాగే కొద్దీ బిగుస్తుంది. ఓడల్లో తాళ్ళు కలిపే ముడి కూడా ఇదే. యాష్లీ 1944లో వేసిన ముడుల పుస్తకంలో 3,800కు పైగా ఎంట్రీలు ఉంటే, వాటిలో నావికుడి ముడీ నేతగాడి ముడీ నిర్మాణంలో ఒకటే, వేసే తీరులోనే తేడా. ఇక పేక దారం అయిపోతే ముడి అసలు అక్కర్లేదు. పాత కొన మీద కొత్త కొనను రెండంగుళాలు కలిపి అదే వరసలో పెట్టి అచ్చుతో కొడితే చాలు, గుడ్డే పట్టుకుంటుంది. చిక్కు పడితే కొన కోసం వెతకకూడదు, లాగకూడదు. చిక్కునే నాలుగు పక్కలా వదులు చేసి వెడల్పు చేస్తూ పోతే కొన చివర్లో దానంతటదే బయటపడుతుంది. ఈ చివరి మాట నాకు ఆఫీసులో పనికొచ్చినంతగా ఏ ట్రైనింగూ పనికిరాలేదు.

ఇవన్నీ రాసుకుంటూ, “మరి ఈ అతుకులు చీరలో కనపడవా?” అని అడిగాను.

“చీరలోకి ఎందుకొస్తాయి? ముందరికి లాగేస్తారు కదా. ఆ అతుకులున్న మేరకు నెయ్యరు. కత్తిరించి పారేస్తారు.”

కాసేపు నాకు అర్థం కాలేదు. అంటే అవ్వ రోజంతా నలిపిన నాలుగైదు వేల అతుకులు బతకాల్సింది ఉచ్చులూ అచ్చూ దాటే ఒక్కసారి. దాటాక వాటి పని అయిపోయింది. తెగిన పోగుకు తాత వేసిన ముడి చీరలో ఎక్కడో దాక్కుని ఉంటుంది, వెతికితే వేలికి తగులుతుంది. అవ్వ పని ఏ చీరను తిరగేసినా దొరకదు. తాతకి సాయం చేస్తుంది అని నేను ఇన్నాళ్ళు అనుకోవడంలో నా నిర్లక్ష్యం ఎంత ఉందో, ఆ పని స్వభావమూ అంత ఉంది. అది బాగా జరిగితే ఆనవాలు మిగలదు.

చేనేత మీద మనం రాసేవన్నీ దాదాపు ఆనవాళ్ళ గురించే. బుటా, అంచు, రంగు, నేసిన చేయి. నాలుగో అఖిల భారత చేనేత గణన (2019–20) చేనేత పనివాళ్ళు 35.22 లక్షల మంది అంది. అందులో 26.73 లక్షలు నేసేవాళ్ళు, 8.48 లక్షలు అనుబంధ పనులవాళ్ళు. మొత్తంలో నూటికి 72 మంది స్త్రీలు. అనుబంధ పనులకు ఒక గడి ఉండటమే నయం. అవ్వ అప్పటికే చూపు తగ్గి పని మానేసింది కాబట్టి ఏ గడిలోనూ లేదు. ఆమె పని తెలిసేది ఒక్క రేషన్ దుకాణంలోనే. వేలిముద్ర పడక, “ఇంకో వేలు పెట్టవ్వా” అంటుంటారు. చూపుడువేలు కొస నున్నగా గాజులా ఉంటుంది. వయసుతో అందరికీ అరుగుతాయి, నిజమే. కానీ ఉంగరపు వేలు పెడితే మొదటిసారికే పడుతుంది.

మధ్యాహ్నానికి నలభై అతుకులు వేశాను. అవ్వ ఒక్కొక్కటీ పట్టి మెల్లగా లాగి చూసింది. పదకొండు ఊడిపోయాయి. “తొలిరోజుకి పర్వాలేదు” అంది.

అప్పుడు అడగవలసింది అడిగాను. రివ్యూలో వాడిన మాటలే మనసులో ఉన్నాయి, జవాబు కూడా ముందే రాసిపెట్టుకున్నట్టున్నాను. ఆమె వేళ్ళు పట్టుకుని, “ఇవి బాగా నొప్పి పుట్టేవా అవ్వా?” అన్నాను.

“వేళ్ళా? వేళ్ళకేం నొప్పి,” అంది. “మెడ. దినమంతా వంచుకోని కూర్చుంటే మెడ పట్టేస్తాండె. రేతిరి పండుకుంటే తిప్పను గూడా రాదు. మీ తాతకి గూడా తెల్దు.”