మెట్లకి దండ

క్రిస్మస్ దండ అంటే ఏంటో ముందు చెప్పాలి, లేకపోతే మీరు మెడలో వేసేది అనుకుంటారు. హాలీవుడ్ సినిమాల్లో ముందు తలుపు తియ్యగానే ఎదురుగా మెట్లు కనిపిస్తాయి కదా, ఆ మెట్ల రెయిలింగుకి పచ్చటి కొమ్మలతో అల్లిన లావుపాటి తాడొకటి చుట్టి ఉంటుంది చూడండి... అదన్నమాట. మధ్యమధ్యలో ఎర్ర రిబ్బన్లు, పైన్ కాయలు, చిన్న చిన్న లైట్లు. వాళ్ళకి ఫర్, దేవదారు కొమ్మలు దొరుకుతాయి. మనకి దొరికేది ప్లాస్టిక్. 9 అడుగుల ముక్కలుగా అమ్ముతారు.

కిందటేడు మా ఆవిడ ఇది కావాల్సిందే అంది. నగర శివార్లలో డూప్లెక్స్ కొనుక్కున్నాం, హాల్లోనే మెట్లు, మరి ఆ మెట్లకి ఏదో ఒకటి చెయ్యకపోతే ఈఎమ్ఐ కడుతున్నందుకు అర్థమేముంది అని ఆవిడ వాదన. కాదనడానికి నా దగ్గర పాయింటేమీ లేదు. సరే, ఎన్ని ముక్కలు కొనాలి? మన వాళ్ళకి ఇలాంటివి లెక్క కట్టకపోతే నిద్ర పట్టదు కదా. మెట్లు 16. ఒక్కో మెట్టు ఎత్తు 7 అంగుళాలు, కాలు పెట్టే వెడల్పు 10 అంగుళాలు. పైథాగరస్ ప్రకారం ఒక మెట్టుకి 12.2 అంగుళాల ఏటవాలు, మొత్తం 16 అడుగుల చిల్లర. కడ్డీ చుట్టూ మెలికలు తిప్పుతూ చుట్టాలంటే దాదాపు ఒకటిన్నర రెట్లు పడుతుంది, అంటే ఇరవై నాలుగున్నర. మూడు ముక్కలు. బేగంబజార్‌లో తెచ్చాం.

ఇక్కడ కాస్త పక్కకి వెళ్తా. మా దేవరకొండ వైపు ఇళ్ళలో మెట్లు హాల్లో ఉండవు. నల్గొండ, పాలమూరు రెండు జిల్లాల్లోనూ చూడండి, మామూలు ఇళ్ళకి మెట్లు బయటే. ముందు కింద రెండు గదులేసుకుంటారు. పదేళ్ళకో పదిహేనేళ్ళకో చేతిలో డబ్బులాడితే పైన ఇంకో గది. అది కిరాయికి ఇవ్వాలంటే దారి విడిగా ఉండాలి. అప్పటిదాకా మిద్దె మీద మిరపకాయలు ఎండుతాయి, ఎండాకాలం మనుషులు పడుకుంటారు. అందుకని మెట్లు ఇంటి పక్కన, వీధిలోకి కనపడేట్టు ఉంటాయి. షాబాద్ బండలు పరిచిన మెట్లు, ఇనప కడ్డీ. అమెరికా వాడి మెట్లు వాడి చుట్టాలకి కనపడతాయి, మన మెట్లు ఊరందరికీ కనపడతాయి. ఈ తేడా గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మేం క్రైస్తవులం, మెన్నొనైట్ బ్రెదరన్ సంఘం. ఈ పేరు వినగానే చాలామంది ఆఫీసు మిత్రులు "అదేంటి?" అంటారు. పాలమూరు, నల్గొండల్లో పెరిగినవాళ్ళు అడగరు. జడ్చర్లలో ఆసుపత్రి, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, దేవరకొండల్లో పాత మిషన్ కాంపౌండ్లు... అన్నీ ఆ సంఘానివే. దాని కథ మనం అనుకునే ఇంగ్లీషు దొరల కథ కాదు. 1889లో అబ్రహాం ఫ్రీసెన్, మరియా అనే దంపతులు అప్పటి రష్యా సామ్రాజ్యం నుంచి, ఇవాళ్టి ఉక్రెయిన్ ప్రాంతం నుంచి, బయల్దేరి వచ్చి నిజాం రాజ్యంలోని నల్గొండలో కుదురుకున్నారు. జర్మన్ మాట్లాడే రైతు కుటుంబాల వాళ్ళు. పదేళ్ళ తర్వాత 1899లో అమెరికాలో ఉన్న అదే సంఘం వాళ్ళు వచ్చారు. ఆర్భాటాలు పడని మనుషులని పేరు. కాబట్టి మెట్లకి దండ మాత్రం మాకు వాళ్ళ నుంచి రాలేదు.

మాకు ఉండేది స్టార్. వెదురు బద్దలు చీల్చి, దారంతో కట్టి, రంగు కాగితం అంటించి, లోపల జీరో బల్బు. అదీ, రెండు మూడు వరసల రంగు కాగితాల గొలుసులు, గుమ్మానికి బంతిపూలు. అంతే. సీరియల్ సెట్టు ఒకటి ఉండేది గానీ దాన్ని మెట్ల కడ్డీకి చుట్టనిచ్చేది కాదు అమ్మ. ఇనప కడ్డీకి కరెంటు ఏందని. ఆవిడ ఇంజనీరు కాదు గానీ పాయింటు కరెక్టు. పాత సీరియల్ సెట్లో 6 వోల్టుల బల్బులు దగ్గర దగ్గర నలభై వరసగా కలిపితే 230 సరిపోతుంది, కానీ వైరు ఎక్కడైనా ఒలిచి ఉంటే కడ్డీకి తగిలేది 6 వోల్టులు కాదు.

ఆ స్టార్‌ని నాయిన మెట్ల పైన, మిద్దె అంచుకి, కర్ర పాతి కట్టేవాడు. బస్టాండు రోడ్డు నుంచి కనపడేది. మా వాడలో స్టార్ ఉన్న ఇళ్ళు ఇంకా చాలానే ఉండేవి, కానీ కొన్నిళ్ళలో అది ఇంటి లోపల, వెనక గదిలో వేలాడేది. నాకు చిన్నప్పుడు అర్థమయ్యేది కాదు. ఎమ్సెట్ రాసిన ఏడాది అర్థమైంది.

తెలియని వాళ్ళ కోసం: 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. మారిన వాళ్ళకి మన రాష్ట్రంలో 1970లో బీసీ-సి అని ఒక గ్రూపు పెట్టారు. 15 శాతం ఉన్న చోట నుంచి 1 శాతం ఉన్న చోటికి వస్తారన్నమాట. అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కూడా పోతుంది. ఊళ్ళో టీ గ్లాసు విడిగా పెట్టేవాడు మాత్రం నువ్వు ఏ చర్చికి వెళ్తావని అడిగి పెట్టడు. వాడి లెక్కలో ఏమీ మారదు, గవర్నమెంటు లెక్కలో మారిపోతుంది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఎస్సీ హోదాకీ మతానికీ లంకె తెంపమని సిఫారసు చేసింది. అది జరగలేదు. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. నా మటుకు నాకు మిశ్రా కమిషన్ చెప్పిందే న్యాయం అనిపిస్తుంది. మీరు ఒప్పుకోకపోవచ్చు. ఆఫీసులో భోజనాల దగ్గర దీని మీద చాలా వాదనలయ్యాయి, కొన్ని స్నేహాలు పల్చబడ్డాయి కూడా.

నాయిన స్కూలు టీచరు. బీసీ-సి సర్టిఫికెట్టే తీసుకున్నాడు, నాకూ అదే తీయించాడు. మా దగ్గరి చుట్టాల్లో ఒకాయన (వివరాలు కొంచెం మార్చి రాస్తున్నా), నాకు అన్న వరస, కాగితం మీద హిందువుగానే ఉండి సర్కారీ కొలువు తెచ్చుకున్నాడు. నాకు సీటు లాంగ్ టర్మ్ కోచింగ్ తర్వాత రెండో ఏడు వచ్చింది. నాయిన మీద ఆ ఏడాదంతా కోపంగానే ఉన్నాను, అన్న మీద లేదు. ఇప్పటికీ అన్న మీద లేదు. ఇద్దరూ ఏదో ఒకటి వదులుకున్నారు. ఒకడు సీటు, ఇంకొకడు స్టార్.

సరే, దండ దగ్గరికి వద్దాం. డిసెంబరు రెండో ఆదివారం కూర్చుని కడ్డీ చుట్టూ అందంగా మెలికలు తిప్పి చుట్టాం. మా ఆవిడ ఫోటోలు తీసి అప్పుడే నలుగురికి పంపింది. నాయిన ఇప్పుడు మా దగ్గరే ఉంటున్నాడు, 76 ఏళ్ళు, మోకాళ్ళు సరిగ్గా లేవు. పొద్దున పైన బాల్కనీలో ఎండకి కూర్చుని బైబిలు చదువుకోవడం అలవాటు. వచ్చి మొదటి మెట్టు దగ్గర నిలబడ్డాడు.

"ఏందిరా గీ గడ్డి? కడ్డీ ఏడ పట్టుకోవాలె?"

"నాలుగు రోజులే కదా నాయినా..."

"నాలుగు రోజులు నేను కిందనే ఉండాల్నా?"

మా ఆవిడ ఏమీ అనలేదు, విప్పడం మొదలుపెట్టింది. నాయినే "ఉండు బిడ్డా, ఊకె తీసెయ్యకు, బయటి దిక్కుకు కట్టుండ్రి" అన్నాడు. చేతికి పైకడ్డీ ఖాళీగా ఉండాలి, దండ బయటి వైపు నిలువు చువ్వలకి వంపులు వంపులుగా వేలాడాలి. నైలాన్ ట్యాగులతో కట్టేశాం. నిజం చెప్పాలంటే మెలికల కంటే ఇదే బాగుంది. పైగా వంపులకి ఏటవాలు కంటే ఆరో వంతు మాత్రమే ఎక్కువ పడుతుంది, 19 అడుగుల లెక్క. కాస్త బిగించి కడితే రెండు ముక్కలే సరిపోయాయి. అన్నట్టు స్టార్ కూడా కట్టాం, గేటు పక్కన. కొన్నదే, ఎల్ఈడీది. నాయినకి నచ్చలేదు, బల్బు కనపడుతోందని.

క్రిస్మస్ రోజు మధ్యాహ్నం అన్న, వదిన భోజనానికి వచ్చారు. ఏటా వస్తారు. అన్న మెట్ల దగ్గర కాసేపు నిలబడి, దండని వేళ్ళతో నలిపి చూసి, "నిజం కొమ్మలాగే ఉంది కదా చిన్నాయినా" అన్నాడు. నాయిన బిర్యానీ కలుపుతూ, "మీ కాడ పెట్టరా?" అన్నాడు. కావాలని అన్నాడో, ఊరికే అన్నాడో నాకు తెలీదు. అన్న నవ్వి, "క్వార్టర్స్ కదా, అందరూ వస్తా పోతా ఉంటరు" అన్నాడు. నాయిన ఆయన ప్లేట్లో ఇంకో ముక్క వేశాడు.

వెళ్ళేటప్పుడు వదిన వంటింట్లో మా ఆవిడతో, "చెల్లె, ఒక ముక్క మిగిలిందన్నవు కదా, ఇస్తవా?" అని అడిగింది. మా ఆవిడ అటక మీంచి తీసి బట్టల షాపు కవర్లో పెట్టి ఇచ్చింది. 9 అడుగులు. వాళ్ళ క్వార్టర్స్‌లో మెట్లు లేవు, గ్రౌండ్ ఫ్లోర్. పడగ్గదిలో అద్దం చుట్టూ కట్టిందట, జనవరి నెలాఖరు దాకా తియ్యలేదట.