సైన్సు ఫిక్షన్ అననేమి?

ఒక మాట వాడుకలోనికి వచ్చినంతమాత్రమున దాని యర్థము కూడ వెంట వచ్చినదని తలంపరాదు. ‘సైన్సు ఫిక్షన్’ అను మాట యట్టిది. నేడు మన యిండ్లలో పిల్లలు దీనిని నిత్యము పలుకుచున్నారు. తెఱమీద మరమనిషి కనబడిన నది సైన్సు ఫిక్షను. దయ్యము కనబడినను సైన్సు ఫిక్షనే. మేడలు కూలి మంటలు లేచినను సైన్సు ఫిక్షనే. పెద్దవారమైన మనమో, అవి మగపిల్లల కథలు, మనకెందుకని త్రోసివేయుచున్నాము. ఈ రెండు తలంపులును సరియైనవి కావని మా యభిప్రాయము.

ముందుగా పేరు సంగతి చూతము. 1851 లో విలియం విల్సన్ అను నాయన తన ఆంగ్లగ్రంథమున నీ మాటను వాడెను గాని, అది యప్పుడు నిలువలేదు. జూల్ వెర్న్, హెచ్. జి. వెల్స్ మొదలగువారు ప్రసిద్ధికెక్కిన నాటికిని ఈ పేరు ప్రచారమున లేదు. 1926 లో హ్యూగో గెర్న్స్‌బాక్ అనునతడు అమెరికాలో ‘అమేజింగ్ స్టోరీస్’ అను పత్రికను స్థాపించి, యిట్టి కథలకు ‘సైంటిఫిక్షన్’ అని పేరిడెను. నోరు తిరుగని యా పేరు వెనుకబడి, 1929 నుండి ‘సైన్సు ఫిక్షన్’ అనునది స్థిరపడసాగెను. తెలుగున వైజ్ఞానిక కల్పన యనియు నందురు.

ఇక నర్థము. 1957 లో వచ్చిన ‘మాయాబజార్’ చిత్రమును చూడని తెలుగిల్లాలు అరుదు. అందు ప్రియదర్శిని యను పెట్టె కలదు. మూత తెఱచినవారికి తమకు ప్రియమైనది యందు గోచరించును. అది యెట్లు పనిచేయునని మనమడుగము, అడిగిన రసభంగము. మహిమ యనిన చాలును. 1991 లో వచ్చిన ‘ఆదిత్య 369’ లోని కాలయంత్రమో, ఏ దేవతయు నిచ్చిన వరము కాదు. ఒక శాస్త్రజ్ఞుడు బుద్ధిబలముచే నిర్మించినట్లు కథ చెప్పుచున్నది. అట్టి యంత్రము లోకమున లేదు. అయినను, కార్యమునకు కారణముండవలెనను నియమమును కథ యంగీకరించినది. భేదమంతయు నిందే యున్నది. మహిమకు బదులు హేతువును నిలిపి, ‘ఇట్లు జరిగినచో మనుష్యుల బ్రదుకేమగును?’ అని యడుగునది సైన్సు ఫిక్షన్.

ఈ భేదమును పాటించుటవలన రెండు మేళ్లు కలవు. పుష్పకవిమానమునకు సైన్సు ఫిక్షన్ అను బిరుదు తగిలింపనక్కఱలేదు. అది లేకున్నను రామకథకు లోటులేదు. రెండవది, కథలోని శాస్త్రము కల్పనయే గాని ప్రమాణము కాదని పిల్లలకు తెలియును. కథలో చదివిన మందును ఇంటిలో రోగికి పోయరాదు గదా!

ఇవి మగవారి కథలనుట మఱింత వింత. ఈ జాతి నవలలలో మొదటిదని పలువురు విమర్శకు లెన్నునది ‘ఫ్రాంకెన్‌స్టీన్’. దానిని 1816 లో వ్రాయ మొదలిడునప్పటికి మేరీ షెల్లీకి పదునెనిమిదేండ్లు. 1818 లో గ్రంథము వెలువడినపుడు దానిపై నామె పేరైనను లేదు. విద్యార్థి యొకడు ప్రాణిని సృజించి, దాని రూపమునకు జడిసి, విడిచి పాఱిపోవును. తరువాతి ఘోరములకు మూల మీ విడిచిపెట్టుటయే. లోకులు ఫ్రాంకెన్‌స్టీన్ అనునది యా ప్రాణి పేరనుకొందురు. అది సృజించినవాని పేరు. ఆ ప్రాణికి పేరే లేదు. ప్రాణము పోసినవాడు పేరైనను పెట్టలేదు! ఇందలి దోషమును తల్లులకు వేఱుగ విప్పిచెప్పనక్కఱలేదు.

మన దేశముననే చూడుడు. వంగదేశీయురాలు రొకేయా సఖావత్ హుస్సేన్ 1905 లో ‘సుల్తానాస్ డ్రీమ్’ అను కథను ఆంగ్లమున వ్రాసెను. అది మొదట వెలువడినది మద్రాసునుండి కమలా సత్యనాథన్ నడపిన ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’ అను స్త్రీల పత్రికలో. ఆ కథలోని దేశమున స్త్రీలు విశ్వవిద్యాలయములలో పరిశోధించి మేఘమునుండి నీరు గ్రహింతురు. సూర్యుని వేడిమిని నిలువజేసి వంట వండుదురు. ఘోషాలో నుండువారు పురుషులు.

మా యింట రాత్రి భోజనములైన పిదప ఎవరో యొకరు కథ చెప్పుట వాడుక. ఈ కథను తెలుగున చెప్పినపుడు పిల్లలు ఎండపొయ్యి సంగతి విని యానందించిరి. నలువదేండ్లు కట్టెలపొగలో వండిన మా అత్తగారు మాత్రము ఒక్క ప్రశ్న వేసిరి: “అంత త్వరగా వంటయైనచో, మిగిలిన ప్రొద్దు ఆ యాడవారేమి చేసిరమ్మా?” మేము కొంతసేపు ఊరకుంటిమి. మా యింటికిని గ్యాసుపొయ్యి వచ్చినది, మిక్సీ వచ్చినది. అందువలన మిగిలిన గంట ఎవరికి దక్కినది? విచారించి చూడగా, అది మఱి రెండు పిండివంటలకును, ఇంకొక పచ్చడికిని దక్కినది. కథలోని స్త్రీలు ఆ కాలమును చదువునకును, రాజ్యకార్యములకును వినియోగించిరి. యంత్రము కాలమును మిగిల్చును గాని, ఆ కాలమెవరిదో నిర్ణయింపదు. దానిని నిర్ణయింపవలసినవారు ఇంటివారే. అక్షరము ముక్క నేర్వని మా అత్తగారు ఆ రాత్రి అడిగినది అచ్చముగ సైన్సు ఫిక్షన్ అడుగు ప్రశ్న.

కావున, సోదరీమణులారా, పిల్లలు ఇట్టి పుస్తకము పట్టుకొని వచ్చినపుడు త్రోసివేయకుడు. దగ్గఱ కూర్చుండబెట్టుకొని మూడు మాటలడుగుడు. ఇందలి వింతకు కారణము చెప్పిరా, లేక మహిమయేనా? ఇందు నేడు నిజమైన దెంత, కల్పించిన దెంత? ఈ వింత వచ్చిన పిదప ఆ యింటిలో వంట యెవరు చేసిరి, బిడ్డ నెవరు చూచిరి? మొదటి రెండింటికి పిల్లలే చక్కగ బదులు చెప్పగలరు. మూడవదానికి చాల పుస్తకములలో బదులు దొరకదు. దొరకనిచోట, ఆ కథను మీరే ముందునకు నడపి వారికి చెప్పుడు.