ఎగ్మోరులో అమరావతి ఏనుగు

చెన్నైకి చుట్టాలు వస్తే మెరీనా చూపిస్తాం. టి. నగర్‌లో చీరలు కొనిపిస్తాం. మర్నాడు తిరుపతి బస్సు ఎక్కిస్తాం. ఎగ్మోరు రైల్వేస్టేషను నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, పాంథియన్ రోడ్డు మీద, పాత గుంటూరు జిల్లా రాళ్ళు ఒక గదినిండా ఉన్నాయని వాళ్ళకు చెప్పేవాళ్ళం తక్కువ. అది 1851లో మొదలైన ప్రభుత్వ మ్యూజియం. అందులోని అమరావతి శిల్పాల గదికి నన్ను తీసుకుపోయింది చరిత్ర మీది మక్కువ అనుకునేరు! డ్రాయింగు క్లాసు పుణ్యమా అని వెళ్ళాను.

మా పేటలో తెలుగు పిల్లల కోసం ఆదివారం ఉదయం బొమ్మల క్లాసు నడుస్తుంది. మనవరాలిని దింపి, గుమ్మం దగ్గర పేపరు చదువుకుంటూ కూర్చునేవాణ్ణి. నాలుగో వారం మాస్టారు ఒక అట్టా, పెన్సిలూ తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. "ఎలాగూ రెండు గంటలు కూర్చుంటున్నారు కదండీ, ఆ చెప్పులు వెయ్యండి చూద్దాం" అన్నారు. గుమ్మంలో విడిచిన చెప్పులు పద్నాలుగు జతలున్నాయి. ఉద్యోగమంతా అంకెలు కూడుతూ గడిపిన నేను అలా అరవైనాలుగో ఏట విద్యార్థినయ్యాను. నా సహాధ్యాయుల వయసు తొమ్మిది నుంచి పదిహేను. అందరికీ నేను "తాతా"నే.

చెప్పులు, వంకాయలు, ఇత్తడి చెంబు అయ్యాక మాస్టారు మమ్మల్ని మ్యూజియానికి తీసుకువెళ్ళారు. పెట్టిన షరతు ఒక్కటే. ఒక్కొక్కరూ ఒకే రాయి, అదీ మూడు ఆదివారాలు. నాకూ మనవరాలికీ నలగిరి ఏనుగు వంతు వచ్చింది.

గుండ్రటి రాతిపలక అది. బుద్ధుడి మీదికి ఉసికొల్పిన మదపుటేనుగు కథ. ఎడమవైపు నగరద్వారంలోంచి దూసుకువస్తోంది, దారిలో ఉన్నవాళ్ళను తొక్కేస్తోంది. పై అంతస్తు కిటికీల్లోంచి జనం తొంగి చూస్తున్నారు. కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లింది. మొదటివారం అందరం రెండు ఏనుగులనే అనుకున్నాం. రెండోవారం మనవరాలు కాళ్ళు గీస్తూ గీస్తూ ఆగి, "తాతా, ఇది అదే ఏనుగు! ముందు కోపంగా ఉంది, తరవాత సారీ చెబుతోంది" అంది. పక్కన బోర్డు ఉంది కాని, దానికి ఆ సంగతి చెప్పింది పెన్సిలే. రెండుచోట్లా తొండం గీసిన చెయ్యి కనుక దానికి తెలిసిపోయింది.

మాస్టారు నేర్పిన కిటుకులు చిన్నవే. చెయ్యి బారుగా చాపి, ఒక కన్ను మూసి, పెన్సిలు మీద బొటనవేలు జరుపుతూ కొలుచుకోవడం ఒకటి. రెండోది నాకు మరీ నచ్చింది. కాలు వెయ్యడం కష్టమైతే కాళ్ళ మధ్యనున్న ఖాళీని వెయ్యమంటారు. కాలు ఎలా ఉంటుందో మనకు ముందే తెలుసునన్న ధీమా ఉంటుంది, అందుకని దాన్ని సరిగా చూడం. ఖాళీ విషయంలో ఆ ధీమా లేదు కనుక కన్ను బుద్ధిగా పనిచేస్తుంది. క్యాలెండరు వినాయకుణ్ణి కళ్ళు మూసుకుని వెయ్యగల మా పిల్ల మొదట ఈ పద్ధతికి మూతి ముడిచింది. ఇప్పుడు బస్సులో కిటికీ కమ్మీల మధ్య ఖాళీలు కూడా గీస్తోంది.

ఈ రాళ్ళను దొరలు పాలరాళ్ళన్నారు కాని, నిజానికివి పలనాటి సున్నపురాళ్ళు. వాటి ప్రాణం మీదికి వచ్చిందీ అందుకే. అమరావతిలో వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు కొత్త పట్నం కట్టిస్తున్న రోజుల్లో స్తూపం దిబ్బను తవ్వారు. 1797లో మెకంజీ దొర వచ్చి చూశాడు. 1816లో మనుషులతో మళ్ళీ వచ్చేసరికి చాలా రాళ్ళు లేవు. కొన్ని కట్టడాలకు పోయాయి, కొన్ని సున్నపు బట్టీలకు. మిగిలినవాటిని తన చిత్రకారుల చేత కొలిచి గీయించాడు. ఏలూరు కావలి సోదరులు ఊరూరా తిరిగి సమాచారం సేకరించింది ఈయన కొలువులోనే. ఆ బొమ్మలు ఇప్పుడు లండనులో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. 1845లో ఇలియట్ దొర తవ్వించిన రాళ్ళు మద్రాసు చేరి, ఏళ్ళ తరబడి ఆరుబయట పడి ఉండి, 1859లో ఓడెక్కి లండను పోయాయి. ఇక మెకంజీ గీయించినవాటిలో కొన్ని రాళ్ళు ఎక్కడా లేవు. వాటి గురువు, ఊరు, సాక్ష్యం అన్నీ ఆ కాగితమే.

ఈ సంగతి మాస్టారు చెప్పినరోజు పిల్లలు కాసేపు మాట్లాడలేదు. తర్వాత రబ్బరు వాడకం తగ్గింది.

తిరుగు ప్రయాణంలో ఒకసారి మనవరాలు నా భుజం మీద నిద్రపోయింది. చేతిలో అట్ట ఉంది కదా అని దాని చెవి గీశాను. గీస్తుంటే తెలిసింది, అది మా అమ్మ చెవి. తమ్మె దగ్గర అదే చిన్న మడత. అమ్మకున్న ఫోటో ఒక్కటే. అందులో కొంగు కప్పుకుని ఉంటుంది, చెవి కనబడదు. ఇప్పుడు నా దగ్గర ఒకటుంది.

మ్యూజియం నుంచి పూనమల్లి హైరోడ్డు వైపు వెళితే ప్రభుత్వ చిత్రకళా కళాశాల. 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు మొదలుపెట్టిన బడి. తరవాతి కాలంలో దేవీప్రసాద్ రాయ్ చౌదరి ప్రిన్సిపాలుగా ఉన్నారు. మన రెడ్డెప్పనాయుడు, ఎస్.వి. రామారావు అక్కడ చదివినవారే. మా క్లాసులో ఒక పదో తరగతి అబ్బాయికి ఆ గేటు ముందు నిలబడడం ఇష్టం. వాడి చెయ్యి మా అందరికన్నా మంచిది. పబ్లిక్ పరీక్షలయ్యేదాకా క్లాసు మానిపించారు నాన్నగారు. ఆయన భయం ఆయనది, కాదనడానికి లేదు. మహారాష్ట్రలోని మన పిల్లలకు ఎలిమెంటరీ, ఇంటర్మీడియట్ డ్రాయింగు పరీక్షల సర్టిఫికెట్టయినా ఉంటుంది, ఇంట్లో చూపించుకోవడానికి. మా క్లాసులో అదీ లేదు. మాస్టారు వాదించకుండా, చొక్కా జేబులో పట్టే చిన్న పుస్తకం ఒకటి కుట్టి వాడికిచ్చారు. ట్యూషనుకు పోయే దారిలో బస్‌స్టాపులో నిండుతోందని వాడి చెల్లెలు చెబుతోంది.

బెంగుళూరు నుంచో బరంపురం నుంచో వచ్చి, రైలుకు మూడు గంటలు టైముందని ప్లాట్‌ఫారం మీద కూర్చోకండి. శుక్రవారం మ్యూజియానికి సెలవు. పిల్లలుంటే ఒక పెన్సిలూ, నాలుగు తెల్లకాగితాలూ వెంట ఉంచుకోండి.

మా ఏనుగులు రెండూ పూర్తయ్యాయి. మూడు ఆదివారాలూ అయిపోయాయి కాని మనవరాలు మాస్టారిని బతిమాలి ఇంకొకటి సంపాదించింది. కిటికీలోంచి చూస్తున్నవాళ్ళు మిగిలిపోయారట.