కాగితం పని

మేము సంఘసేవకులం కావాలనుకోలేదు. పుంగనూరు పక్క తండాలో పాఠాలు చెప్పుకుంటుంటే, మా బళ్ళో ఐదో తరగతి పిల్లకు గురుకులంలో సీటొచ్చింది. కుల ధ్రువీకరణ పత్రం కావాలన్నారు. అమ్మానాన్నలు మదనపల్లె మార్కెట్‌లో టమాటా క్రేట్లు మోసేవాళ్ళు. ఆఫీసుకు వస్తే ఆనాటి కూలి లేదు. నాలుగుసార్లు తిరిగేసరికి గడువు దాటింది. తప్పు మాది కూడా, మేమే వెంట పోయుండాల్సింది. ఆ పిల్ల టమాటా కోతకు పోయింది.

అప్పటినుంచి ఆదివారాలు అర్జీలు రాస్తున్నాం. కుప్పం వైపు చిక్కు ఇంకా ఎక్కువ. మన సుగాలీలు ఆంధ్రలో ఎస్టీలు, హద్దు దాటితే కర్ణాటకలో ఎస్సీలు, తమిళనాడులో ఆ రెండూ కాదు. బెంగళూరుకు కట్టడం పనికి పోయినచోట బిడ్డ పుట్టినా, ఎస్టీ హోదా తండ్రి సొంత రాష్ట్రాన్ని బట్టే ఉంటుంది. ఆ సంగతి తల్లికి మన గోర్ బోలీలో చెప్పేవాళ్ళు కావాలి.

ఎంఎస్‌డబ్ల్యూ చదవమంటారా అని అడిగే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, చదవండి. (సర్వే ఫారాలు నింపుకుని పోయినవాళ్ళను తండా చాలామందిని చూసింది.) సెలవుల్లో మాత్రం మాతో రండి. మొన్న కుప్పంలో రైలు దిగిన ఒకామె సంచిలోంచి మామ పేరున్న పాత రేషన్ కార్డు తీసింది. దాంతోనే మొదలుపెట్టాం.